డీజిలు మూతకు పెట్టిన పసుపు

మొన్న ఆయుధపూజ నాడు మా మనవడి భార్య చేతిలో ఉన్న పసుపు గిన్నెను నా చేతికర్రతో కొట్టి కింద పడేశాను. పొరపాటున తగిలిందని ఇంట్లో అందరికీ చెప్పాను గానీ, మీ దగ్గర అబద్ధం ఎందుకు, కావాలనే కొట్టాను. మనవడు ఈ మధ్యనే డీజిలు పికప్ కొన్నాడు. మార్కాపురం నుంచి చుట్టుపక్కల ఊళ్ల దుకాణాలకు సరుకు వేస్తుంటాడు. దాన్ని వాకిట్లో నిలిపి, కడిగి, ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, అద్దానికి బంతిపూల దండ కట్టి, పెద్దదాన్ని కదా అని నన్ను కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఆ పిల్ల బానెట్టుకు పసుపు రాసింది, తలుపులకు రాసింది, దీపాలకు బొట్లు పెట్టింది. నేను ఊరికే చూస్తున్నాను. తర్వాత బండి పక్కకు పోయి, డీజిలు పోసే చోట రాయడానికి వేలితో పసుపు ముద్ద తీసింది. అంతే. మోకాళ్ల నొప్పులతో దేవుడి గదిలోకి కూడా ఒకరు పట్టుకుంటే గాని పోలేనిదాన్ని, ఎట్లా లేచానో, అంత దూరం ఎట్లా నడిచానో నాకే తెలియదు. గిన్నె పోయి కాలువలో పడింది. కొత్త చీరంతా పసుపు చిందేసరికి ఆ పిల్ల బిక్కమొహం వేసింది. పండగ పూట ఇదేం పని అని మా కోడలు గొణిగింది. అవ్వకు మతి తప్పుతోంది, డాక్టరుకు చూపించాలి అని మనవడు వాళ్ల నాన్నతో మెల్లగా అన్నాడు. నాకు మోకాళ్లే పోయాయి గానీ చెవులు బాగానే ఉన్నాయి.

మతి తప్పితే ఎంత బాగుండేదో. తప్పలేదు కాబట్టే ఈ మాట చెప్పవలసి వస్తోంది.

నేను గిద్దలూరు పిల్లను. మార్కాపురంలో పలకల వ్యాపారం చేసే ఇంటికి పెద్దకోడలిగా వచ్చాను. అప్పటికి రాష్ట్రం ఏర్పడి అయిదారేళ్లయి ఉంటుంది. ప్రకాశం అనే జిల్లా ఇంకా పుట్టలేదు, మా కలెక్టరు కర్నూల్లో ఉండేవాడు. పిల్లలు అ ఆలు దిద్దే పలకలు అప్పట్లో ఎక్కడెక్కడికో మా ఊరి నుంచే పోయేవి. వ్యాపారం గొప్పదే గానీ ఆ పలకరాయి పొడి ఉంది చూశారూ, అది ఇంట్లో ఒక మనిషి లెక్క. అన్నం మీద మూత తీస్తే ఉండేది, పక్క దులిపితే ఉండేది, దేవుడి పటం వెనక ఉండేది. పుట్టింటి నుంచి తెచ్చుకున్న తెల్ల రవికెలు మూడు నెలల్లో బూడిదరంగుకు తిరిగాయి. మా అత్తగారికి మాత్రం ఆ పొడి కనపడేది కాదు. ఇల్లు ఎంత శుభ్రంగా ఉందో చూడు అనేది. నేను చూసేదాన్ని. చూసి మళ్లీ చీపురు పట్టుకునేదాన్ని.

మా ఇంట్లో పలకరాయి పొడితో నిజంగా యుద్ధం చేసింది ఇద్దరమే, నేనూ మా మరిదీ. మా ఆయనకు తమ్ముడు. దుకాణంలో కూర్చోరా అంటే నంద్యాలలో ఒక మోటారు షెడ్డులో చేరి రెండేళ్లు పని నేర్చుకొని వచ్చాడు. వచ్చి, ఎక్కడో మూలపడి ఉన్న పాత పెట్రోలు వ్యాను ఒకటి కొని, దాని ఇంజను పీకించి డీజిలు ఇంజను పెట్టించాడు. ముందు ఇద్దరు కూర్చోవచ్చు, వెనక చెక్కల తొట్టి. దానిలో వరిగడ్డి పరిచి పలకలు పేర్చి రైలు స్టేషనుకు తోలేవాడు. అంతవరకు ఎడ్ల బండ్ల మీద పోయే సరుకు. ఆ డడడ చప్పుడు వీధి మొదట్లో వినపడగానే మా మామగారు పేపరు అడ్డం పెట్టుకునేవాడు. ఆయనకు ఆ బండి మొదటి రోజు నుంచీ పడలేదు. వచ్చినవాళ్లందరికీ ఒకటే మాట చెప్పేవాడు: "అంగట్లో కూర్చోవాల్సినోడు బండి కింద పండుకున్నాడు." మా మరిది బండి కిందే పడుకొని ఆ మాట వినేవాడు. నవ్వేవాడు గానీ ఎదురు చెప్పేవాడు కాదు.

ఆ బండిని అతను చూసుకున్న తీరు చూస్తే పెళ్లాం వస్తే ఏమైపోతుందో అని మేం ఎగతాళి చేసేవాళ్లం. డీజిలును నాలుగు మడతల పంచెగుడ్డలో వడకట్టి గానీ ట్యాంకులో పోసేవాడు కాదు. మా అత్తగారు నెయ్యి కూడా అంత శ్రద్ధగా వడకట్టేది కాదు. ఎందుకయ్యా ఇంత చాదస్తం అని నేను అడిగితే కూర్చోబెట్టి చెప్పాడు. ట్యాంకులో డీజిలు ఉంటుంది. చిన్న పంపు ఒకటి దాన్ని లాగి ఫిల్టరుకు పంపుతుంది. అక్కడినుంచి పెద్ద పంపుకు, అక్కడినుంచి ఇంజనుకు. ఈ దారిలో ఎక్కడ నలుసు అడ్డం పడినా, నీటిచుక్క చేరినా, గాలిబుడగ దూరినా ఇంజను ఆగిపోతుంది. దుమ్మే దీనికి యముడు వదినా అన్నాడు. ఆ మాట నేను బుద్ధిగా గుర్తుపెట్టుకున్నాను. ఎందుకు గుర్తుపెట్టుకున్నానా అని ఇప్పటికీ ఏడుస్తాను.

ఇక మా ఆడపడుచు. అన్నదమ్ములిద్దరి తర్వాత పుట్టిన పిల్ల. ఇంట్లో అందరూ పాప అనేవాళ్లు. నాకంటే ఏడాది చిన్న. నేను కాపురానికి వచ్చిన రోజు వంటింటి వెనక నాకు చింతకాయ తొక్కు పెట్టి, మా అమ్మ నీ మీద ఏమన్నా అంటే నాకు చెప్పు, నేను చూసుకుంటా అని మాట ఇచ్చిన పిల్ల. ఆడపడుచు అంటే భయపడుతూ వచ్చినదాన్ని, ఆ పూటే భయం పోయింది. యర్రగొండపాలెంలో కిరాణా వ్యాపారం ఉన్న ఇంటికి దాన్ని ఇచ్చారు. పెళ్లయిన ఏడాదిన్నరకు కడుపుతో ఉంది. మొదటి కాన్పుకు పుట్టింటికి తీసుకురావాలి. ఏడో నెలలో పోదామంటే అప్పుడు శూన్యమాసం, వద్దన్నారు, తర్వాత వాళ్లత్తగారికి జ్వరమన్నారు, చివరకు దసరా వెళ్లగానే మంచిరోజు చూసి తెచ్చుకోమన్నారు. దాని కోసం నేను ఉతికిన పాత చీరలు మడతపెట్టి, పొత్తిళ్లకు చింపి, మూటకట్టి సిద్ధంగా ఉంచాను.

ఆ ఏటి దసరాకు, నవమి నాడు, ఆయుధపూజ. మా మరిది తెల్లవారుజామునే బండిని కడిగి పెట్టాడు. మామగారు త్రాసుకు, పలకలు కోసే రంపాలకు పూజ చేశాడు గానీ బండి వైపు రాలేదు. బండి పూజ నాదే. మా గిద్దలూరు ఇంట్లో ఒక అలవాటు ఉంది. గడపకు రాసే పసుపులో చుక్క ఆముదం వేసి మెదుపుతారు. అట్లా రాసిన పసుపు పండగ వెళ్లినా రాలదు, పెచ్చు కూడా లేవదు. మార్కాపురం వాళ్లకు ఆ సంగతి తెలియదని నాకు కొంచెం గర్వం. ఆ రోజూ అట్లాగే ముద్దగా మెదిపి, బండికి ముందూ వెనకా రాశాను. చక్రాలకు, తలుపులకు, స్టీరింగుకు రాశాను. డ్రైవరు తలుపు వెనక పక్కగా డీజిలు ట్యాంకు, దానికి ఇనప మూత. బండి తినేది దీనితోనే కదా, ఇది దాని గడప అనుకున్నాను. అందుకని దానికి మందంగా, గడపకు రాసినట్టే మూతంతా రాశాను. అప్పుడు మూత నడుమ ఆవగింజ పట్టేంత రంధ్రం కనపడింది. అయ్యో, తుప్పుపట్టి చిల్లు పడిందే, పలకరాయి పొడి దీనిలోంచే లోపలికి పోతుంది, ఇతను పంచెగుడ్డలో వడకట్టి ఏం లాభం అనుకున్నాను. ఇంత పసుపు ముద్ద తీసి వేలితో ఆ రంధ్రంలోకి నెట్టి, పైన కుంకుమ బొట్టు పెట్టి, దాని మీద ఒక చామంతిపువ్వు అద్దాను. మా మరిది వచ్చి చూసి, బండి పెళ్లికూతురైందే అన్నాడు. నేను మురిసిపోయాను.

దశమి నాడు బండి బయటికి తీయలేదు. ఏకాదశి పొద్దున యర్రగొండపాలెం నుంచి వచ్చే మొదటి బస్సు కండక్టరు మా ఇంటి ముందు ఆగి కబురు చెప్పాడు. పాపకు ఒంట్లో బాగలేదు, నొప్పులు కావు, వేరే, బండి తీసుకొని వెంటనే రమ్మన్నారు. మా అత్తగారు అక్కడే కూలబడింది. మా ఆయన సరుకు మీద గుంటూరు పోయి ఉన్నాడు. నేను పొత్తిళ్ల మూట చంకన పెట్టుకొని మా మరిది పక్కన ఎక్కాను. పోయేటప్పుడు బండి బాగానే పోయింది. ఊరు ఇంకా కాస్త దూరం ఉందనగా ఎత్తు దగ్గర లాగలేనట్టు మూలిగింది. అతను గేరు మార్చి, బండి కూడా కంగారుపడుతుందేమో వదినా అన్నాడు. అంతకుమించి ఎవరం పట్టించుకోలేదు.

పాప మంచం మీద ఉంది. కింద పరిచిన గోనెపట్టా తడిసి ఉంది. మంత్రసాని నన్ను పక్కకు పిలిచి, ఇది నా చేతిలో పని కాదమ్మా, నెత్తురు ఆగడం లేదు, బిడ్డ రావడం లేదు, ఎంత తొందరగా ఆస్పత్రికి చేరిస్తే అంత మంచిది అంది. తొట్టిలో గడ్డి, గడ్డి మీద పరుపు వేశారు. పాపను ఎక్కించి నేను తల దగ్గర కూర్చున్నాను. దాని భర్త ముందు కూర్చున్నాడు. దారిలో ఒక్క నిమిషం కూడా ఆగకూడదని మా మరిది వెంట తెచ్చిన డబ్బాలోని డీజిలు కూడా ట్యాంకులో వడకట్టి నింపాడు. మూత తిప్పినప్పుడు లోపలినుంచి ఉస్సుమని చప్పుడు వచ్చింది. నేనూ విన్నాను, అతనూ విన్నాడు. అంతా కంగారులో ఉన్నాం. మెడదాకా నింపి, మూత గట్టిగా బిగించాడు. పదిన్నర పదకొండు అయి ఉంటుంది. రెండు గంటల్లో మార్కాపురంలో ఉంటాం అన్నాడు.

అయిదారు మైళ్లు పోయామో లేదో బండి దగ్గడం మొదలుపెట్టింది. రెండు కుదుపులు కుదిపి ఆగిపోయింది. మా మరిది దూకి మూత తీశాడు, మళ్లీ ఉస్సుమంది. పుల్ల పెట్టి చూశాడు. నిండుగా ఉంది. బానెట్టు ఎత్తి, ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి, పంపు పక్కనున్న చిన్న పిడి చేత్తో కొట్టాడు. నురగ నురగగా బుడగలు వచ్చాయి. ఎయిరు పట్టింది అన్నాడు. బుడగలు పోయి డీజిలు ధారగా వచ్చేదాకా కొట్టి, స్క్రూ బిగించి, స్టార్టు చేస్తే పలికింది. పావుగంట పట్టింది. పాప నవ్వబోయి, చిన్నన్న బండికి కూడా నాలాగే ఉందే అంది. నేను దాని నుదుటి చెమట తుడిచాను. చల్లగా ఉంది.

రెండోసారి ఆగేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. ఈసారి అతనికి డబ్బా మీద అనుమానం వచ్చింది, అందులో నీళ్లున్నాయేమోనని. ఫిల్టరు గిన్నె విప్పి అరచేతిలో వంపుకొని చూశాడు. నీళ్లు లేవు. ట్యాంకు నుంచి వచ్చే పైపులో ఏమన్నా అడ్డం పడిందేమోనని పైపు విప్పి, నోరు పెట్టి గట్టిగా ఊదాడు. ట్యాంకులో గుడగుడమంది. నోటినిండా డీజిలు, ఉమ్మేస్తూ ఊదాడు. మళ్లీ బిగించాడు, మళ్లీ ఎయిరు తీశాడు, మళ్లీ పలికింది. ఈసారి అరగంట. పైపులో నలుసే వదినా, పోయిందిలే అని నాతో అన్నాడు. నాతో అన్నాడు గానీ చూసింది పాపను. మూడో చీర కూడా తడిసిపోయింది. నేను మూట విప్పి బిడ్డ కోసం చింపిన పొత్తిళ్లు తీశాను. వాటిని దేనికి వాడానో మీకు చెప్పనక్కర్లేదు.

పెద్దారవీడు ఇంకా రెండు మూడు మైళ్లు ఉందనగా మూడోసారి ఆగింది. అటు కొండలు, ఇటు కోతకు రాని జొన్నచేలు. మనిషి అలికిడి లేదు. మా మరిది ఈసారి ట్యాంకు వైపు పోలేదు. అతను నేర్చుకున్న పని అట్లాంటిది, వరస తప్పేవాడు కాదు. ఒకసారి చూసినదాన్ని వదిలి ముందుకు పోవాలి, చూసిందే చూస్తూ కూర్చుంటే పొద్దుపోతుంది. నాకు వినపడేట్టు అన్నాడు:

"ట్యాంకు చూసినాం, పైపు చూసినాం. ఇంక పంపే వదినా. విప్పాల్సిందే."

పాప భర్త బండి దొరుకుతుందేమోనని పెద్దారవీడు వైపు పరుగెత్తాడు. మా మరిది తువ్వాలు దుమ్ములో పరిచి, పంపు ఊడదీసి, దాని స్ప్రింగులు, చిల్లర బిళ్లలు వరసగా పేర్చి ఒక్కొక్కటీ తుడిచాడు. చేలలో గొర్రెలు మేపుకుంటున్న ఒక ముసలాయన వచ్చి, ఏమీ అడక్కుండా సొరకాయ బుర్రలో నీళ్లిచ్చి, తన గొంగడిని కర్రలకు కట్టి తొట్టి మీద నీడ చేశాడు. పాప రెండు గుటకలు తాగింది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది. పట్టులో బలం లేదు.

"వదినా, నాయన చిన్నన్ననే అంటాడు. ఆ బండంటే ఆయనకు మొదట్నించీ కోపం. చిన్నన్న తప్పేం లేదని నువ్వు చెప్పు. నువ్వు చూస్తానే ఉండావు గదా."

"చెప్తాలే. నువ్వు మాట్లాడబాక."

"చెప్తానను."

"చెప్తాను పాపా."

ఆ తర్వాత అది మాట్లాడలేదు. నీళ్లు కావాలా అంటే కళ్లతో వద్దంది. పంపు బిగించిన చప్పుడు, పిడి కొట్టిన చప్పుడు వినపడుతూనే ఉన్నాయి. ఎంత కొట్టినా ఈసారి చుక్క రావడం లేదు. నేను దాని జుట్టు సర్దుతూ ఉన్నాను. ఏ క్షణంలో పోయిందో నాకు తెలియలేదు, అంత దగ్గర కూర్చుని కూడా. గొర్రెల ముసలాయన ముందు కనిపెట్టి తలపాగా తీశాడు. లోపలి బిడ్డ కదిలిందేమోనని నేను చెయ్యి పెట్టి చాలాసేపు చూశాను. కదల్లేదు.

మా మరిది చేతిలోని పానా కింద పెట్టాడు. ఏడవలేదు. పాపను తాకాలి, చేతులు కడుక్కుంటా అన్నాడు. మోచేతుల దాకా జిడ్డు, నలుపు. ఆ జిడ్డు నీళ్లకు పోదు, డీజిలుకే పోతుంది. గుడ్డ తడుపుకోవడానికి ట్యాంకు దగ్గరకు పోయి మూత తిప్పాడు. అది రాలేదు. రెండు చేతులతో పట్టి తిప్పాడు. అప్పుడు ఉస్సుమని, ఈసారి చాలాసేపు, ఎవరో నిట్టూర్చినట్టు గాలి లోపలికి పోయింది. అతను మూత చేతిలో పట్టుకొని నిలబడిపోయాడు. తిప్పి లోపలి వైపు చూశాడు, మళ్లీ పై వైపు చూశాడు. చామంతిపువ్వు ఎండి అతుక్కునే ఉంది. ఫిల్టరు దగ్గరకు పోయి పిడి రెండుసార్లు కొట్టాడు, డీజిలు ధారగా వచ్చింది. తిరిగి వచ్చి, భుజం మీది పంచెతో మూత మీది పసుపు, కుంకుమ, పువ్వు అన్నీ తుడిచేశాడు. గోటితో గీకి మరీ తుడిచాడు. నేను తొట్టిలోంచి చూస్తున్నాను. చావు జరిగిన బండికి పసుపు ఉండకూడదని తుడుస్తున్నాడు, ఇంత దుఃఖంలో కూడా ఎంత తెలివిగా ఉన్నాడో అనుకున్నాను. అట్లాగే అనుకున్నాను, ఒట్టు. నేనూ లేచి నా చేతనైనంత మేర తలుపు మీది పసుపు తుడిచాను.

ఆ తర్వాత బండి ఎక్కడా ఆగలేదు. దారిలో పాప భర్తను ఎక్కించుకొని, ఆస్పత్రి మీదుగానే పోయి, ఇంటి ముందు ఆగింది.

ఏమైందిరా అని అందరూ అడిగితే మా మరిది చెప్పింది ఒకటే మాట, పంపు పోయింది, నేను ముందే చూసుకోలేదు అని. మెకానిక్కు సాయిబు వచ్చి పంపు విప్పి, ఇది బాగానే ఉందే అంటే, లేదు మామా, పోయింది, కొత్తది వెయ్యి అని పట్టుబట్టి వేయించాడు. మామగారు కొడుకును తిట్టలేదు. తిడితే బాగుండేది. పదోరోజు బంధువులందరి ముందు, "పాపను బండికి బలిచ్చినాడు" అని ఒక్క మాట అని, ఆ తర్వాత ఆ కొడుకుతో మాట్లాడటం మానేశాడు. పాప నాతో చెప్పించుకున్న మాట నాకు గుర్తుంది. ఆ పదోరోజే నేను తలుపు చాటు నుంచి, మరిది తప్పేం లేదు మామయ్యా, చెయ్యగలిగిందంతా చేశాడు అన్నాను. ఆడవాళ్లకేం తెలుసు బండ్ల సంగతి అన్నారెవరో. నిజమే కదా, నాకేం తెలుసు. మాట నిలబెట్టుకున్నాననే అనుకున్నాను.

పాప పోయి ఏడాది నిండలేదని ఆ మరుసటేడు పండగ చేయలేదు. ఆ పై ఏడు నవమికి మళ్లీ పసుపు మెదిపాను, అట్లాగే ఆముదం చుక్క వేసి. చక్రాలకు, తలుపులకు అయ్యాక మూత దగ్గరకు వంగబోతుంటే మా మరిది వచ్చి నా చేతిలో గిన్నె మెల్లగా తీసుకున్నాడు.

"వదినా, మూతకొద్దు. మిగతా అన్నిటికీ పెట్టు."

"ఎందుకొద్దు?"

"దానికి గాలి ఆడాల."

అంతకంటే అనవలసిన పని లేకపోయింది. మూత మీద రంధ్రం ఉంది, అది తుప్పు చిల్లు కాదు, చక్కగా గుండ్రంగా తయారీలోనే వేసిన రంధ్రం. అది శుభ్రంగా ఉండేట్టు దాని పక్కనే తీగముక్క ఒకటి కట్టి ఉంది. ట్యాంకులోంచి డీజిలు పోయినంత మేరా గాలి లోపలికి రావాలి, ఆ గాలికి దారి అదొక్కటే. సీసా మూతిని పెదాలతో బిగించి పీలిస్తే కాసేపటికి ఇక రాదు చూడండి, అంతే. ఎత్తు దగ్గర మూలుగు, ఉస్సుమన్న చప్పుడు, మూత తీసినప్పుడల్లా, పైపు ఊదినప్పుడల్లా బండి పలకడం, మూడోసారి ట్యాంకు ముట్టుకోకపోయేసరికి పలకకపోవడం, అన్నీ వరసగా వచ్చి నా ముందు నిలబడ్డాయి. నా వేలు ఆ రంధ్రంలోకి పసుపు నెట్టిన సంగతి కూడా. నేను అక్కడే మట్టిలో కూర్చున్నాను. అతను నా పక్కనే గొంతుకూర్చుని, ఇంట్లోవాళ్లకు వినపడకుండా అన్నాడు:

"నువ్వేం తెలిసి చేసినావా. నేను చూసుకోవాల్సింది. రెండుసార్లు ఉస్సుమని చెప్పింది బండి, నేనే వినలేదు. ఎవరికీ చెప్పబాక వదినా. చెప్తే పాప వస్తదా."

నేను చెప్పలేదు. అతను వద్దన్నాడు కాబట్టి చెప్పలేదని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అదీ అబద్ధమే. భయపడ్డాను. అప్పటికి నాకు కొడుకు చంకలో ఉన్నాడు. ఆడపడుచును చంపిన కోడలు అని అంటారని, మా అత్తగారు నా మొహం చూడదని, మా ఆయన ఏమంటాడో అని భయపడ్డాను. మా ఆయనకు కూడా చెప్పలేదు, ఆయన పోయేదాకా. మా మరిది బండి అమ్మేసి కంభంలో మోటారు షెడ్డు పెట్టుకున్నాడు. పెళ్లి చేసుకున్నాడు, పిల్లలు పుట్టారు. పండగలకు వచ్చేవాడు. వాకిట్లో కూర్చుని, తండ్రి ఉన్న గదిలోకి పోకుండా, నా చేతి కాఫీ తాగి పోయేవాడు. మామగారు ఆఖరి రోజుల్లో మంచం పట్టినప్పుడు మా మరిది గ్లాసుతో నీళ్లు పట్టుకొని దగ్గరికి పోయాడు. ఆయన పెదాలు బిగించి మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. ఆ గ్లాసు అతను నా చేతికిచ్చి బయటికి పోయాడు. నేను పడితే తాగాడు. ఆ గదిలో అప్పుడు మేమిద్దరమే ఉన్నాం, ఆయనా నేనూ. ఒక్క మాట చాలు. నోటి దాకా వచ్చింది. గ్లాసు కడిగి బోర్లించి వంటింట్లోకి పోయాను. పాపకు నేనిచ్చిన మాట తీరవలసింది పదోరోజు తలుపు చాటున కాదు, అక్కడ. మామగారు ఆ రాత్రే పోయాడు. మా మరిది పోయి ఆరేళ్లయింది. ఇంత కాలంలో ఒక్కసారి కూడా, మాట వరసకైనా, అతను నాకు ఆ సంగతి గుర్తుచేయలేదు.

మొన్న పసుపు గిన్నె పడేసిన సాయంత్రం మనవడు వచ్చి నా కుర్చీ పక్కన కూర్చున్నాడు. ఏందవ్వా, ఏమైందని అడిగాడు. చెప్పాను. మొదటినుంచీ చివరిదాకా, ఇప్పుడు మీకు చెప్పినట్టే, అరవై ఏళ్ల తర్వాత మొదటిసారి. వాకిట్లో ఉన్న మా కోడలు, ఆ పిల్ల కూడా వచ్చి వింటూ నిలబడ్డారు. మనవడు నా చెయ్యి పట్టుకొని, నాకు ఓదార్పుగా ఉంటుందనుకున్నాడో ఏమో, ఇప్పటి బండ్లకు ఆ భయం లేదవ్వా, మూత లోపల ఉంటుంది, పైన కనపడేది ఉత్త తలుపే, గాలి పోవడానికి వేరే ఏర్పాటు చేస్తారు, పసుపు ఎంత రాసినా ఏం కాదు అన్నాడు. మంచిదే నాయనా అన్నాను. మరుసటి రోజు ఆ పిల్లను పిలిచి, నా పెట్టెలోంచి కొత్త చీర ఒకటి తీసి ఇచ్చాను. ఆ పిల్లకు పంతొమ్మిదో ఇరవయ్యో ఉంటాయి. చీర భుజం మీద వేసుకొని అద్దంలో చూసుకుంటుంటే నేను చూస్తూ కూర్చున్నాను. పాపకూ అప్పుడు పంతొమ్మిదే. ఇప్పటికీ అంతే, ఒక్క ఏడు కూడా పెరగలేదు. దానికి రావలసిన ఏళ్లన్నీ నాకే వచ్చాయి.